రాజధాని పొలిమేరల్లో మరమనిషి: ఒక సింహావలోకనం

నోయిడాలోని యాడ్వర్బ్ టెక్నాలజీస్ పేరు గోదాముల వ్యాపారంలో ఉన్నవారికి బాగా తెలుసు. పెట్టెలు మోసే, సరుకును ఊళ్లవారీగా విడదీసే, అరల మధ్య తిరిగే యంత్రాలు తయారుచేసే సంస్థ అది. 2025లో మనిషి రూపంలో ఉండే రోబోను తెస్తామని 2024 నవంబరులో ఆ సంస్థ ప్రకటించినప్పుడు, గోదాముల కంపెనీకి ఇదొక కొత్త మలుపని చాలామంది అనుకున్నారు. కానీ దేశ రాజధాని ప్రాంతంలో రోబోల పరిశ్రమకు తొలి అడుగు వేసింది మరమనిషే. పిలానీ విద్యార్థులు తయారుచేసిన నడిచే మరమనిషి ఇచ్చిన ధైర్యంతో గురుగ్రామ్‌లో ఒక కంపెనీ పుట్టింది. నిలదొక్కుకోవడానికి ఆ కంపెనీ మరమనిషిని పక్కనపెట్టి చక్రాల యంత్రాలు చేసింది. పదిహేనేళ్లు గడిచాక యమునకు అవతలి ఒడ్డున, నోయిడాలో, మరమనిషి మళ్లీ తెరమీదికి వచ్చాడు.

ఎందుకు వెళ్లాడు, ఎందుకు తిరిగొచ్చాడు, ఈసారి ఎవరి పని చేయబోతున్నాడు అన్నవే ఈ వ్యాసం అడిగే ప్రశ్నలు. ఈ చరిత్రనంతా తిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. యంత్రం ఏ ఆకారంలో ఉన్నా, కార్మికుడి ఒంటి మీద పడే బరువును, ప్రమాదాన్ని తీసుకున్నప్పుడే అది నిలబడింది. ఇకముందు కూడా దాని విలువను అక్కడే కొలవాలి.

ప్రపంచం వేసిన దారి

కర్మాగారంలోకి వచ్చిన తొలి రోబోకు తల లేదు, కాళ్లు లేవు. జార్జ్ డెవాల్ ఆలోచనకు జోసెఫ్ ఎంగెల్‌బెర్గర్ వ్యాపారరూపం ఇవ్వగా, 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో యూనిమేట్ అనే ఒంటిచేయి యంత్రం పనికి దిగింది. అచ్చులోంచి వచ్చిన కాలే లోహపు ముక్కలను తీసి పక్కన పెట్టడం దాని పని. మనుషులు చేయడానికి భయపడే పనితోనే రోబోల చరిత్ర మొదలైందని మరిచిపోకూడదు.

మనిషి రూపం మీద మోజు వేరే దారిలో పెరిగింది. 1973లో జపాన్‌లోని వసెడా విశ్వవిద్యాలయంలో ఇచిరో కాటో బృందం వాబాట్-1ను నడిపించింది. 2000లో హోండా అసిమోను చూపించింది. అది మెట్లెక్కింది, చేయి ఊపింది, పిల్లలను మురిపించింది. కానీ 2011 మార్చిలో ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు, మనిషి వెళ్లలేని ఆ చోటికి పంపడానికి ప్రపంచంలోని ఏ మరమనిషీ అక్కరకు రాలేదు. ఆ లోటు చూసే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా పెద్ద పోటీ పెట్టింది. 2015 జూన్‌లో జరిగిన చివరి దశలో తలుపు తీయబోయి, మెట్లెక్కబోయి రోబోలు వరసగా కూలబడ్డాయి. గెలిచిన దక్షిణ కొరియా రోబో డీఆర్‌సీ-హ్యూబోకు ఒక ఉపాయం తెలుసు. నడవాల్సిన అవసరం లేనప్పుడు అది మోకాళ్ల మీద కూర్చుని చక్రాలపై దొర్లేది. ఆ ఉపాయం దశాబ్దం తర్వాత నోయిడాలో మళ్లీ కనిపిస్తుంది.

ఈ ప్రపంచ చరిత్రలో తెలుగువాడి స్థానం అంచున లేదు, నడిమధ్యన ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి వ్యవస్థాపక డైరెక్టర్. 1991 దాకా దాన్ని నడిపారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆ గౌరవం పొందిన తొలి ఆసియా సంతతి వ్యక్తి ఆయనే. అదే ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టరేట్ చేసిన ప్రస్ వెలగపూడి ఇప్పుడు డిజిట్ అనే మరమనిషిని తయారుచేసే అజిలిటీ రోబోటిక్స్‌కు సాంకేతిక సారథి. రోబో అన్నది పరాయి సొత్తు అని మనం చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు.

నేల: మారుతి నుంచి మానేసర్ దాకా

రాజధాని ప్రాంతం రోబోల అడ్డా కావడానికి దాని పారిశ్రామిక నేలే కారణం. 1976 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం యమునకు తూర్పున నోయిడాను ఏర్పాటుచేసింది. 1983 డిసెంబరులో గురుగ్రామ్‌లో, అప్పటి గుడ్‌గావ్‌లో, తొలి మారుతి 800 బయటికొచ్చింది. ఒక కారు కర్మాగారం చుట్టూ వందల విడిభాగాల షెడ్లు మొలిచాయి. ఫరీదాబాద్, మానేసర్, ధారూహేడా, బావల్ దాకా ఆ గొలుసు సాగింది. బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చిన యువకులు అద్దెగదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ ఆ షెడ్లలో చేరారు.

పెద్ద కర్మాగారాల వెల్డింగ్ విభాగాల్లోకి రోబో చేతులు చాలా ముందే వచ్చాయి. కంచె లోపల అవి, బయట మనుషులు. కారు పైచట్రాన్ని అతికే పని రోబోది. వైర్లు గుచ్చడం, సీట్లు బిగించడం, ముక్కను ట్రేలోంచి తీసి యంత్రంలో పెట్టడం మనిషిది. ఆ విభజన నేటికీ పెద్దగా మారలేదు. ఒకే పనిని లక్షసార్లు అదే కొలతతో చేయడం రోబోకు తేలిక. ప్రతిసారీ కాస్త తేడాగా ఉండే పని దానికి గండం.

2012 జులై 18న మానేసర్ మారుతి కర్మాగారంలో చెలరేగిన హింసలో ఒక అధికారి ప్రాణం పోయింది. ఆ ఘటన తర్వాత శాశ్వత కార్మికులకూ కాంట్రాక్టు కార్మికులకూ మధ్య జీతాల అగాధం దేశమంతా చర్చకు వచ్చింది. ఈ ప్రాంతంలో యంత్రాల గురించి మాట్లాడే ఎవరూ ఆ అగాధాన్ని దాటవేసి మాట్లాడలేరు.

అచ్యుత్ నుంచి బట్లర్ దాకా

రాజస్థాన్‌లోని బిట్స్ పిలానీలో సమయ్ కోహ్లీ, ఆకాశ్ గుప్తా తదితర విద్యార్థులు 2000ల చివర్లో అచ్యుత్ అనే మరమనిషిని తయారుచేశారు. దేశంలో రూపొందిన తొలితరం నడిచే మరమనుషుల్లో అదొకటి. అమెరికాలో జరిగే రోబోగేమ్స్ పోటీలకు కూడా వెళ్లింది. కాళ్లకు మోటార్లు ఎక్కడ దొరుకుతాయి, ఒక అడుగు వేస్తుంటే బరువు ఎటు మళ్లాలి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది అన్న పాఠాలన్నీ వాళ్లు చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్నారు.

2011లో వాళ్లు గురుగ్రామ్‌లో గ్రేఆరెంజ్ అనే కంపెనీ మొదలుపెట్టారు. మరమనిషిని కొనేవాళ్లు దేశంలో లేరు. కొనగలిగిన వాళ్లకు అది చేసిపెట్టే పని ఇంకా ఏమీ లేదు. అదే సమయంలో ఆన్‌లైన్ అమ్మకాలు ఊపందుకున్నాయి. 2012లో అమెజాన్ కీవా అనే గోదాం రోబోల సంస్థను 77.5 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ తర్వాత కీవా రోబోలు బయటివాళ్లకు అమ్మడం ఆగిపోయింది. ప్రపంచవ్యాప్తంగా మిగతా వ్యాపారులకు అలాంటి యంత్రం కావలసివచ్చింది. గ్రేఆరెంజ్ తయారుచేసిన బట్లర్ అనే చక్రాల యంత్రం ఆ ఖాళీలోకి అడుగుపెట్టింది.

బట్లర్ పని చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. సరుకు ఉన్న అర కిందికి దూరుతుంది, దాన్ని పైకెత్తుకుంటుంది, నిలబడి ఉన్న కార్మికుడి దగ్గరికి మోసుకొస్తుంది. పాత గోదాములో కార్మికుడు రోజంతా నడిచి సరుకు వెతికేవాడు. ఇప్పుడు సరుకే అతని దగ్గరికి వస్తుంది. నడక తగ్గింది, లెక్క తప్పడం తగ్గింది. 2018లో ఆ సంస్థ మిథ్రిల్ క్యాపిటల్ నాయకత్వంలో 14 కోట్ల డాలర్ల పెట్టుబడి సేకరించింది; తర్వాతి కాలంలో దాని కేంద్రస్థానం అమెరికాకు మారింది. కాళ్లున్న మరమనిషితో మొదలైన బృందానికి కాళ్లు లేని యంత్రం అన్నం పెట్టింది. అందులో ఓటమి లేదు. పని ఏ రూపాన్ని కోరిందో ఆ రూపాన్ని వాళ్లు ఇచ్చారు.

పన్ను మారింది, గోదాం మారింది

రోబోలకు తర్వాతి ఊపు 2017 జులై 1న జీఎస్టీ అమలుతో వచ్చింది. జీఎస్టీకి ముందు రాష్ట్రం దాటించి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. అది తప్పించుకోవడానికి పెద్ద కంపెనీలు ప్రతి రాష్ట్రంలోనూ ఒక చిన్న గోదాం పెట్టుకునేవి. జీఎస్టీ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. పది చిన్న గోదాముల చోట ఒక పెద్ద గోదాం చాలన్న లెక్క కుదిరింది. పటౌడీ, బిలాస్‌పూర్, ఫరూఖ్‌నగర్ వైపు పొలాల్లో పెద్ద పెద్ద షెడ్లు లేచాయి. 2018 నవంబరులో కుండ్లీ-మానేసర్-పల్వల్ ఎక్స్‌ప్రెస్ దారి పూర్తయ్యాక లారీలు ఢిల్లీలోకి దూరకుండానే ఉత్తర భారతమంతా సరుకు చేరవేయగలిగాయి. చిన్న గోదాములో రోబో ఖర్చు దండగ. పెద్ద గోదాములో లాభసాటి.

ఈ మార్పుకు ఒక ఏడాది ముందే, 2016లో, సంగీత్ కుమార్, ప్రతీక్ జైన్, బీర్ సింగ్, సతీశ్ శుక్లా తదితరులు యాడ్వర్బ్ స్థాపించారు. వాళ్లు ఏషియన్ పెయింట్స్‌లో పనిచేసి వచ్చినవాళ్లు. రంగుల డబ్బాలు వేల రకాలు. ఒక్కో రంగు ఒక్కో పరిమాణంలో దుకాణానికి వెళ్లాలి. ఆ చిక్కును లోపలి నుంచి చూసినవాళ్లు కాబట్టి యంత్రాన్ని కాకుండా గోదాం మొత్తాన్ని డిజైన్ చేయడం వాళ్లకు అలవాటైంది. సరుకు మోసే డైనమో, పార్శిళ్లు విడదీసే జిప్పీ, అరల మధ్య డబ్బాలు తీసే వెలోచె వరసగా వచ్చాయి. నోయిడాలో బాట్-వ్యాలీ, గ్రేటర్ నోయిడాలో బాట్-వర్స్ అనే కర్మాగారాలు లేచాయి. 2022 జనవరిలో రిలయన్స్ 13.2 కోట్ల డాలర్లు పెట్టి 54 శాతం వాటా తీసుకుంది. రిలయన్స్ దుకాణాల, గోదాముల అవసరాలు ఒకవైపు, విదేశీ ఆర్డర్లు మరోవైపు ఆ సంస్థకు పరీక్షాక్షేత్రాలయ్యాయి.

వేదికల మీది మరమనుషులు

ఇదే కాలంలో మరమనిషి పూర్తిగా మాయం కాలేదు. అతను వేదికలకు పరిమితమయ్యాడు. 2014 చివర్లో ఢిల్లీలోని ఏ-సెట్ శిక్షణ, పరిశోధన సంస్థలో దివాకర్ వైశ్ రూపొందించిన మానవ్, త్రీడీ ప్రింటింగ్‌తో దేశంలో తయారైన తొలి మరమనిషిగా పేరు పొందింది. రెండడుగుల ఎత్తు, రెండు కిలోల బరువు. 2017 నవంబరు 28న హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో బెంగళూరు సంస్థ ఇన్వెంటో చేసిన మిత్రా ప్రధాని మోదీని, ఇవాంకా ట్రంప్‌ను పలకరించింది.

ఆ ప్రదర్శనలు చూసి ఎంతోమంది పిల్లలు ఇంజనీరింగ్ వైపు మళ్లి ఉంటారు. ఆ మేలు చిన్నది కాదు. అయితే వేదిక మీది రోబో తప్పు చేస్తే జనం నవ్వి ఊరుకుంటారు. కర్మాగారంలో తప్పు చేస్తే లైన్ ఆగుతుంది, లేదా ఒకరి చేయి పోతుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని పూడ్చింది తరగతి గదులు, ప్రయోగశాలలే. ఐఐటీ ఢిల్లీలో ఆచార్య సుబీర్ కుమార్ సాహా బృందం తయారుచేసిన రోబోఅనలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, రోబో కీళ్ల లెక్కలను కంప్యూటర్ తెర మీద విద్యార్థులకు అర్థమయ్యేలా చేసింది. మనుషుల పక్కన పనిచేసే రోబోల పరిశోధనకు అక్కడే ఐ-హబ్ ఫౌండేషన్ ఫర్ కోబోటిక్స్ వెలిసింది.

ఎందుకు మళ్లీ ఇప్పుడు

2021లో టెస్లా ఆప్టిమస్ అనే మరమనిషిని ప్రకటించింది. 2022లో మరమనుషుల తయారీ సంస్థ ఫిగర్ మొదలైంది. 2024 జూన్‌లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జీఎక్స్ఓ సంస్థ నడిపే గోదాములో అజిలిటీ డిజిట్ అద్దె పద్ధతిలో పనికి కుదిరింది. చైనా సంస్థ యూనిట్రీ 2024లో జీ1 అనే మరమనిషిని 16 వేల డాలర్ల ప్రారంభ ధరకు పెట్టి పోటీ స్వరూపాన్నే మార్చేసింది. 2025 ఏప్రిల్ 19న బీజింగ్‌లో మరమనుషుల హాఫ్ మారథాన్ జరిగింది. గెలిచిన తియెన్‌గాంగ్ అల్ట్రా రెండు గంటల 40 నిమిషాలు తీసుకుంది.

ఈ ఊపుకు రెండు కారణాలున్నాయి. మోటార్లు, గేర్లు, బ్యాటరీలు విద్యుత్ వాహనాల పుణ్యమా అని చవకయ్యాయి. అంతకన్నా పెద్ద మార్పు, రోబోకు ప్రతి కదలికా రాసివ్వాల్సిన అవసరం తగ్గడం. మనిషి చేసి చూపిన పనుల వీడియోలు, కొలతలు వేల గంటలు ఇస్తే కృత్రిమ మేధ నమూనా తానే కదలిక నేర్చుకుంటోంది. ప్రతిసారీ కాస్త తేడాగా ఉండే పని, ఇంతకాలం రోబోకు గండమైన పని, మొదటిసారి అందుబాటులోకి వస్తున్నట్టు కనిపించింది. కర్మాగారాలన్నీ మనిషి ఎత్తుకు, మనిషి చేతికి కట్టినవి. బల్ల, మెట్టు, మీట, ట్రే ఏదీ మార్చకుండా అక్కడే యంత్రాన్ని నిలబెట్టవచ్చన్నది మరమనిషి వెనుక ఉన్న వ్యాపార తర్కం.

యాడ్వర్బ్ అడుగులు ఈ నేపథ్యంలోనే చూడాలి. 2025 ఆరంభంలో ట్రాకర్ అనే నాలుగుకాళ్ల రోబోను చూపింది. ఆ తర్వాత తెచ్చిన ఎలిక్సిస్-డబ్ల్యూకు మనిషిలా నడుముపై భాగం, రెండు చేతులు ఉన్నాయి. కింద కాళ్లకు బదులు చక్రాలున్నాయి. అందులో దూరాలోచన ఉంది. మామూలు రోబో చేతికి ప్రమాదవేళ ఎర్రమీట నొక్కితే కరెంటు ఆగి ఉన్నచోటే బిగుసుకుంటుంది. రెండు కాళ్ల మరమనిషికి కరెంటు ఆపితే కుప్పకూలుతుంది, పక్కనున్న మనిషి మీద పడొచ్చు. నిలబడటానికే శక్తి ఖర్చయ్యే ఇలాంటి యంత్రాలకు కొత్త భద్రతా ప్రమాణాలు ఇంకా రూపుదిద్దుకుంటున్నాయి. గోదాం నేల చదునుగా ఉంటుంది కాబట్టి చక్రాలు చాలు. బ్యాటరీ ఆదా, పడిపోయే భయం తక్కువ. దార్పా పోటీలో హ్యూబో చూపిన వివేకమే ఇది. అచ్యుత్ తరం కాళ్లతో మొదలుపెట్టి చక్రాలకు మళ్లింది. ఈ తరం చక్రాలతో మొదలుపెట్టి చేతులకు చేరింది.

చేతి వేళ్లు, అయస్కాంతాలు

ఇంకా దాటాల్సిన గట్లు చాలా ఉన్నాయి. అన్నిటికన్నా కష్టం చేయి. రబ్బరు వాషర్‌ను, మెత్తని వైరును, నూనె అంటిన ఇనుప ముక్కను ఒకే చేతితో తడిమి పట్టుకోవడం మనిషికి చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య. యంత్రానికి స్పర్శ ఇంకా సరిగా అబ్బలేదు. హైదరాబాద్‌లోని పెర్సెప్టైన్ సరిగ్గా ఆ చిక్కు మీదే పనిచేస్తోంది. నైపుణ్యం కావలసిన కర్మాగారపు పనుల కోసం రెండు చేతుల రోబోలు చేస్తున్న ఆ సంస్థకు ఎండియా పార్టనర్స్, యాలి క్యాపిటల్ పెట్టుబడి పెట్టాయి. నోయిడా గోదాముల అనుభవం, హైదరాబాద్ చేతి నైపుణ్యం ఒకనాడు కలిస్తే దేశానికి మంచిది.

రెండో గట్టు ముడిసరుకు. మరమనిషి కీలు కీలుకూ మోటారు ఉంటుంది, మోటారు లోపల అరుదైన ఖనిజాల అయస్కాంతం ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో చైనా వాటి ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే ఆ సెగ మన కార్ల కంపెనీలకు, టెస్లా ఆప్టిమస్‌కు కూడా తగిలింది. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6 వేల టన్నుల సామర్థ్యం దాని లక్ష్యం. విశాఖలో ప్రభుత్వరంగ సంస్థ ఐఆర్ఈఎల్ ఏర్పాటుచేసిన అయస్కాంతాల కర్మాగారం 2023 మే 11నే జాతికి అంకితమైంది. మన తీరపు ఇసుకలో ఉన్న ఖనిజానికి, నోయిడా రోబో మోచేతికి ఉన్న బంధాన్ని విధానకర్తలు గట్టిగా పట్టుకోవాలి.

మూడో గట్టు లెక్కలది. 2024లో ప్రపంచమంతా కలిపి సుమారు 5.42 లక్షల పారిశ్రామిక రోబోలు కొత్తగా బిగిస్తే అందులో చైనా వాటా 2.95 లక్షలు, మనది 9,100. హర్యానా కనీస వేతనం మీద బతికే కార్మికుడి కొన్నేళ్ల సంపాదన ఒక చవకరకం మరమనిషి ధరకు సమానం. కూలి చవగ్గా దొరికినంతకాలం యజమానికి యంత్రం కొనాలన్న తొందర ఉండదు. మన దేశంలో మరమనిషి ఆలస్యానికి సాంకేతిక లోపం కన్నా మనిషి శ్రమకు మనం కట్టిన తక్కువ వెలే పెద్ద కారణం.

ఎవరి పని ముందు

మానేసర్, ఫరీదాబాద్ షెడ్లలో పవర్ ప్రెస్ అనే యంత్రం ఉంటుంది. కార్మికుడు రేకు ముక్కను అచ్చులో పెడతాడు, కాలితో పెడల్ తొక్కుతాడు, పైనుంచి టన్నుల బరువు దిగుతుంది. చేయి తీయడం రెప్పపాటు ఆలస్యమైతే వేళ్లు పోతాయి. సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి వెలువరిస్తున్న నివేదికలు ఇలా వేళ్లు, చేతులు పోగొట్టుకున్న వేలమందిని మన ముందు నిలబెట్టాయి. వాళ్లలో ఎక్కువమంది వలసవచ్చిన కాంట్రాక్టు కార్మికులు. 2024 వేసవిలో మానేసర్‌లోని ఒక పెద్ద గోదాములో, లారీ దించే లక్ష్యం పూర్తయ్యేదాకా నీళ్లకు, మరుగుదొడ్డికి వెళ్లబోమని కార్మికుల చేత ప్రమాణం చేయించారన్న వార్త వచ్చింది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసు ఇచ్చింది.

మరమనిషి ముందుగా చేరాల్సిన చోట్లు ఇవే. 1961లో యూనిమేట్ కాలే లోహాన్ని అందుకున్నట్టు, ఈనాటి రోబో ప్రెస్ నోట్లో రేకు పెట్టాలి. ఎండలో ఉడికే లారీ లోపల బస్తాలు దించాలి. కానీ ఆ రోజు వచ్చేదాకా వేళ్లు పోతూ ఉండాలని ఎక్కడా రాసిలేదు. చేయి అడ్డొస్తే ప్రెస్‌ను ఆపే కాంతి తెరలు, రెండు చేతులతో రెండు మీటలు నొక్కితేనే కదిలే ఏర్పాట్లు ఈపాటికే ఉన్నాయి. మరమనిషి ధరలో వాటి ఖర్చు చిన్న వంతే. వాటిని బిగించని షెడ్డులోకి మరమనిషి వచ్చినా అది కార్మికుడి కోసం వచ్చినట్టు కాదు.

ఇంకో న్యాయం కూడా తేలాలి. రోబోకు పని నేర్పేది మనుషుల చేతులే. తమిళనాడులోని కరూర్‌లో యువకులు నుదుటికి కెమెరా కట్టుకుని తువాళ్లు మడతపెడుతూ, ఆ వీడియోలను విదేశీ రోబో కంపెనీలకు పంపే పని చేస్తున్నారని 2025లో పత్రికలు రాశాయి. రేపు మానేసర్ ఫిట్టర్ చేతివాటం, ఫరీదాబాద్ వెల్డర్ కంటిచూపు కూడా ఇలాగే యంత్రానికి పాఠాలవుతాయి. పాతికేళ్ల అనుభవంతో వచ్చిన ఆ నేర్పుకు ఒక్కపూట కూలి ఇచ్చి సరిపెట్టడం అన్యాయం. ఆ పాఠానికి రాతపూర్వక అంగీకారం కావాలి, వెల కావాలి, యంత్రం పనిలోకి వచ్చాక దాన్ని నడిపే, మరమ్మతు చేసే ఉద్యోగంలో నేర్పినవాడికి మొదటి హక్కు ఉండాలి. మానేసర్ ఐటీఐలో చదివిన కుర్రాడు రోబో కీలు విప్పి బిగించగలిగితేనే ఈ పరిశ్రమ ఇక్కడ వేళ్లూనుకుంటుంది.

గ్రేఆరెంజ్ చరిత్ర, యాడ్వర్బ్ చరిత్ర మనకు ఇచ్చే ధైర్యం గొప్పది. దిగుమతి చేసుకున్న యంత్రాలకు కంచె కట్టి చూస్తూ కూర్చున్న ప్రాంతం ఒక్క తరంలో రోబోలు తయారుచేసి అమ్మే ప్రాంతమైంది. పనిని దగ్గరగా చూసినవాళ్లు చేసినందువల్లే అది సాధ్యమైంది. అదే చూపును ఇప్పుడు ప్రెస్ షెడ్ల వైపు, లారీ అడ్డాల వైపు తిప్పాలి. ఎన్ని మరమనుషులను తయారుచేశామన్నది కంపెనీలు చెప్పుకునే లెక్క. ఏటా ఎన్ని వేళ్లు దక్కాయి, ఎందరి నడుములు నిలిచాయి, ఎందరు కాంట్రాక్టు కార్మికులు నిపుణుల జీతానికి ఎదిగారు అన్నది సమాజం అడగాల్సిన లెక్క. రాజధాని పొలిమేరల్లో లేస్తున్న ప్రతి రోబో కర్మాగారం ఈ రెండో లెక్కను కూడా ఏడాదికోసారి ప్రజల ముందు పెట్టాలి. అడిగే హక్కు మనది, ఆ లెక్క చెప్పే బాధ్యత వాళ్లది.